బూంటన్ నీళ్ళు, బంతి భోజనాలు

జెర్సీ సిటీ పేరు చెప్పగానే మన తెలుగువాళ్ళకి గుర్తొచ్చేవి కొన్ని ఉన్నాయి. జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలు దిగడం, నాలుగడుగులు వేస్తే న్యూఆర్క్ ఎవెన్యూ మీద ఇండియా స్క్వేర్, ఆ కొట్లలో కందిపప్పు, కరివేపాకు, ఒకే అపార్టుమెంటులో ఐదారుగురు సర్దుకుని కాపరం చేసిన కన్సల్టెంటు రోజులు. కాస్త పాతవాళ్ళకి 1987లో ‘డాట్‌బస్టర్స్’ పేరుతో మనవాళ్ళ మీద జరిగిన దాడులు కూడా మరపురావు. ఇవన్నీ సావనీర్లలో చాలాసార్లు రాసుకున్నాం. ఇంకొక సంగతి మాత్రం ఎవరూ రాయగా నేను చూడలేదు. 1908 సెప్టెంబరు 26న ఈ ఊరికి వచ్చే తాగునీటిలో క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. ఒక ఊరికి సరఫరా అయ్యే నీళ్ళన్నిటికీ, ఏదో జబ్బు వచ్చినప్పుడు మాత్రమే కాకుండా ప్రతిరోజూ, క్లోరిన్ కలపడం అమెరికాలో అదే మొదలు.

ఆ పని ఒక్క డాక్టరు వల్లో ఒక్క ఇంజనీరు వల్లో కాలేదు. డాక్టరు, ఇంజనీరు, సూక్ష్మక్రిములు లెక్కపెట్టేవాడు, జడ్జి, ఈ నలుగురూ ఒకచోట చేరితే అయింది. చేరడం కూడా స్నేహంగా కాదు, కోర్టులో కీచులాడుకుంటూ. ఆ కథ చెప్పి, అక్కడినుంచి తిండి జబ్బుల సంగతికి, చివరికి మన కన్వెన్షన్ వంటశాలకి వద్దామని నా ఉద్దేశం. నేను డాక్టర్ని కాను. నీళ్ళనూ తినుబండారాలనూ పరీక్షించే ఒక లాబరేటరీలో పాతికేళ్ళు పనిచేశాను. శని, ఆదివారాలు తెలుగు సంఘం భోజనాల కమిటీలో గరిటె తిప్పాను. ఈ రెండు అనుభవాలూ కలిపి రాస్తున్నాను కాబట్టి కాస్త అటూ ఇటూ పోతే పాఠకులు ఓపిక పట్టాలి.

జెర్సీ సిటీకి ఒకవైపు హడ్సన్, ఇంకోవైపు హాకెన్‌సాక్. రెండిట్లోనూ సముద్రపు పోటు వచ్చి ఉప్పు కలుస్తుంది. అందుకని 1854 నుంచి బెల్‌విల్ దగ్గర పసెయిక్ నది నీళ్ళు తోడి ఊరికి పంపేవారు. మొదట్లో అవి మంచినీళ్ళే. కానీ అదే నదికి ఎగువన పాటర్సన్ ఉంది. అక్కడ పట్టు మిల్లులు పెరిగాయి, వాటివెంట వేలకొద్దీ కూలిజనం వచ్చారు. ఎగువ ఊరి మురుగు దిగువ ఊరి బిందెలోకి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి ఆ నీళ్ళు మనుషులు తాగేవి కావని అందరికీ తెలిసిపోయింది. టైఫాయిడ్ అంటే ఇప్పుడు మనకి మాత్రలతో పోయే జ్వరం. ఆ రోజుల్లో అది ఇంట్లో పెద్దకొడుకుని తీసుకుపోయే జ్వరం.

1899లో ఊరివాళ్ళు ఒక కాంట్రాక్టు రాసుకున్నారు. కొండల్లో రాకవే నది మీద బూంటన్ దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడినుంచి ఇరవై మూడు మైళ్ళు గొట్టం వేసి, స్వచ్ఛమైన, ఆరోగ్యకరమైన నీళ్ళివ్వాలి. 1904 మేలో నీళ్ళొచ్చాయి. మీలో చాలామంది ఆ చెరువుని చూసే ఉంటారు. పార్సిపనీ దాటి 287 మీద ఉత్తరంగా వెళ్తుంటే చెట్లమధ్య నిండుగా కనబడే నీళ్ళు అవే. దాని అడుగున పాత బూంటన్ అనే ఊరొకటి మునిగిపోయి ఉంది, మన శ్రీశైలం ప్రాజెక్టు కింద ఊళ్ళు మునిగినట్టే. పార్సిపనీ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చెప్పక్కర్లేదు. వాళ్ళలో ఎందరికి ఈ చరిత్ర తెలుసో మరి.

నీళ్ళొచ్చాయి గాని డబ్బు దగ్గర పేచీ వచ్చింది. కాంట్రాక్టులో రాసినంత స్వచ్ఛంగా లేవు కనుక పూర్తి సొమ్ము ఇవ్వం అంది ఊరు. దావా పడింది. వైస్ ఛాన్సలర్ ఫ్రెడరిక్ స్టీవెన్స్ విచారించి 1908 మేలో తీర్పు చెప్పారు. నీళ్ళు సంవత్సరంలో చాలా రోజులు బాగానే ఉన్నాయి. కానీ పెద్ద వానలు పడినప్పుడు, ఏడాదికి రెండు మూడుసార్లు, ఎగువ పల్లెల మురుగు కొట్టుకొచ్చి చెరువులో కలుస్తోంది. దీనికి కంపెనీ మురుగు కాలువలైనా కట్టాలి, లేదా అంత పనీ చేసే మరో ఉపాయమైనా చూపించాలి. ఆ ‘మరో ఉపాయం’ అన్న చిన్న సందులోంచే చరిత్ర దూరింది.

సందు చూసినవాడు డాక్టర్ జాన్ లీల్. పాటర్సన్‌లో హెల్త్ ఆఫీసరుగా చేసినవాడు, అప్పటికి కంపెనీకి ఆరోగ్య సలహాదారు. ఆయన తండ్రి కూడా డాక్టరే. అంతర్యుద్ధంలో పటాలంతో వెళ్ళి, చార్లెస్టన్ ముట్టడి దగ్గర జిగట విరేచనాల జబ్బు తెచ్చుకుని, పదిహేడేళ్ళపాటు దానితో తీసుకుని తీసుకుని పోయాడు. చెడ్డనీళ్ళు ఏం చేస్తాయో కొడుక్కి ఎవరూ పుస్తకంలో చూపించనక్కర్లేదు. లీల్ ఎంచుకున్న మందు బ్లీచింగ్ పౌడరు. మన పల్లెల్లో వానాకాలం పంచాయతీవాళ్ళు బావుల్లో చల్లి పోతారే, అదే పొడి. అప్పటికి అమెరికాలో ‘నీళ్ళలో రసాయనం’ అనే మాటకే జనం భయపడేవారు. జార్జ్ ఫుల్లర్ అనే ఇంజనీరు యంత్రం నమూనా గీసి ఇచ్చాడు. తొంభై తొమ్మిది రోజుల్లో అంతా తయారు. రోజుకి నాలుగు కోట్ల గ్యాలన్ల నీళ్ళకి, పది లక్షల పాళ్ళలో ఒక పాలు కూడా లేనంత కొద్ది మోతాదు.

కేసు మళ్ళీ కోర్టుకెక్కింది. ఈసారి విన్నది విలియం మేగీ. ఊరి తరఫున ఎం.ఐ.టి. ప్రొఫెసరు సెడ్జ్‌విక్ లాంటి ఉద్దండులు, కంపెనీ తరఫున లీల్, ఫుల్లర్ వగైరా. ఈ నీళ్ళు మీరు తాగుతారా, మీ ఇంట్లోవాళ్ళకి ఇస్తారా అని అడిగితే లీల్ నిస్సంకోచంగా ఇస్తానన్నాడు. ఒకరు క్రిముల లెక్కలు తెచ్చారు, ఒకరు గొట్టాల పటాలు తెచ్చారు. 1910లో క్లోరిన్ పద్ధతి పనిచేస్తోందని, నీళ్ళు బాగున్నాయని తీర్పు వచ్చింది. ఆ తర్వాత కొద్ది ఏళ్ళలోనే దేశంలో ఒక ఊరి తర్వాత ఒక ఊరు ఆ దారి పట్టాయి, టైఫాయిడ్ వెనకడుగు వేసింది. లీల్ మాత్రం 1914లో పోయాడు. 2013 వరకు పాటర్సన్‌లో ఆయన సమాధి మీద చెప్పుకోదగ్గ రాయి కూడా లేదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. లీల్ చేసింది గొప్ప పనే, ధైర్యమే. కానీ ఊరికి గాని, అధికారులకి గాని ముందు చెప్పలేదు, అడగలేదు. క్లోరిన్ కలిపేశాక చెప్పాడు. అందుకే దానిమీద మరో రెండేళ్ళు వాదించుకోవలసి వచ్చింది. ఫలితం మంచిదైంది కాబట్టి మనం ఆయన్ని మెచ్చుకుంటున్నాం. ముందుగా ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటే ఎంత తేలికయ్యేదో ఆలోచించండి. తర్వాతి వందేళ్ళలో తిండి జబ్బుల విషయంలో ఈ దేశం నేర్చుకున్నదంతా ఇంచుమించు ఇదే.

నీళ్ళ తర్వాత పాలు. జెర్సీ సిటీకి పక్కనే ఉన్న న్యూఆర్క్‌లో హెన్రీ కోయిట్ అనే పిల్లల డాక్టరు 1893లో ఒక పాల కమిషన్ పెట్టాడు. డాక్టర్లు, రసాయన పరీక్షలు చేసేవాళ్ళు, పశువైద్యులు కలిసి కాల్డ్‌వెల్ దగ్గర ఒక పాడి యజమానితో ఒప్పందం రాయించుకున్నారు: పశువుల ఆరోగ్యం, పాలు పితికేవాళ్ళ చేతులు, సీసాల శుభ్రం అన్నీ పరీక్షిస్తాం, నెగ్గితేనే మా ముద్ర. అదే ఏడు హడ్సన్‌కి అవతల న్యూయార్కులో నేథన్ స్ట్రాస్ అనే వ్యాపారి కాచిన పాలు పేదపిల్లలకి పంచే కేంద్రాలు తెరిచాడు. పచ్చిపాలే శుభ్రంగా ఉంచాలని ఒకరు, కాచి తీరాలని ఒకరు చాలాకాలం తగాదాపడ్డారు. పాలు పొంగించకుండా పొయ్యి దించని మన అమ్మమ్మలు ఎవరి పక్షమో వేరే చెప్పాలా!

అదే న్యూయార్కులో 1907లో మేరీ మేలన్ అనే వంటమనిషి కథ బయటపడింది. ఆవిడ చూడ్డానికి ఆరోగ్యంగా ఉండేది, వంట బాగా చేసేది, పనిచేసిన ఇళ్ళలో టైఫాయిడ్ వచ్చేది. జార్జ్ సోపర్ అనే ఇంజనీరు ఇంటింటికీ తిరిగి ఆరా తీసి ఆవిణ్ణి పట్టుకున్నాడు. ద్వీపంలో నిర్బంధించారు, 1910లో వంట చేయనని మాట తీసుకుని వదిలారు. బతుకుతెరువు వేరే చూపించకుండా వంట మానమంటే ఎవరు మానతారు? పేరు మార్చుకుని మళ్ళీ వంటకే చేరింది. 1915లో ఒక ప్రసూతి ఆస్పత్రిలో 25 మందికి జబ్బు చేసి దొరికింది. ఆ తర్వాత 1938లో చనిపోయేదాకా ద్వీపంలోనే. పట్టుకోవడం చాతనైంది, కలుపుకోవడం చాతకాలేదు.

ఇక మన సావనీర్ చదివేవాళ్ళందరూ తెలుసుకోవలసిన కథ ఒకటుంది. 1940 ఏప్రిల్ 18న న్యూయార్కు రాష్ట్రం ఉత్తరాన, ఆస్విగో కౌంటీలో లైకమింగ్ అనే పల్లెలో చర్చి వాళ్ళు సహపంక్తి భోజనం పెట్టుకున్నారు. అచ్చంగా మన వనభోజనాల్లాగే, తలా ఒక వంటకం ఇంటినుంచి చేసుకొచ్చారు. రాత్రి తెల్లవారేలోగా చాలామందికి వాంతులు, విరేచనాలు. వచ్చినవాళ్ళు 80 మంది. ఆరోగ్యశాఖవాళ్ళు వాళ్ళలో 75 మందిని కలిసి ఒకే రకం ప్రశ్నలు అడిగారు. ఏమేం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు జబ్బు చేసింది. 46 మందికి జబ్బు చేసింది. జబ్బు చేసినవాళ్ళని అడగడం ఎవరైనా చేస్తారు. వాళ్ళు జబ్బు చేయనివాళ్ళని కూడా అడిగారు. అందులో ఉంది కిటుకంతా. వెనీలా ఐస్‌క్రీం తిన్న 54 మందిలో 43 మంది పడిపోయారు, తినని 21 మందిలో ముగ్గురే. అనుమానపు చూపులు ఎక్కడెక్కడ తిరిగినా, లెక్క మాత్రం ఐస్‌క్రీం గిన్నె దగ్గరే ఆగింది. ఈ దేశంలో రోగాల ఆనుపానులు కనిపెట్టే కుర్రడాక్టర్లకి ఈనాటికీ ఈ భోజనమే పాఠం.

ఇంత తేలికైన లెక్క అన్నిసార్లూ కుదరదు. ఒక హాల్లో తిన్న భోజనమైతే ఒక్క కౌంటీ చాలు. ఒకే తోటలో కోసిన ఆకు ఐదు రాష్ట్రాలకి పోతే? 2006 నవంబరు, డిసెంబరు నెలల్లో మన ఎడిసన్ పక్కనే ఉన్న సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో టాకో బెల్ హోటల్లో తిన్నవాళ్ళకి ఈ-కోలై ఓ157 అనే క్రిమి పట్టుకుంది. నెత్తురు విరేచనాలు, కొందరికి మూత్రపిండాల మీద దెబ్బ. చివరికి లెక్క తేలేసరికి ఐదు రాష్ట్రాల్లో 71 మంది. అందులో 33 మంది న్యూజెర్సీ వాళ్ళే. మొదట ఉల్లికాడల మీద అనుమానం పడి హోటళ్ళలోంచి తీసేయించారు. తిన్నవాళ్ళనీ తిననివాళ్ళనీ పోల్చి చూశాక తురిమిన లెట్యూస్ ఆకు అయి ఉంటుందని తేల్చారు. లైకమింగ్‌లో చేసిన లెక్కే, ఊళ్ళు ఎక్కువ, అంతే.

వేరువేరు ఊళ్ళ రోగులది ఒకే జబ్బని ఎలా తెలిసింది? దానికి 1996లో మొదలైన పల్స్‌నెట్ అనే లాబరేటరీల కూటమి కారణం. 1993లో పడమటి రాష్ట్రాల్లో హాంబర్గర్లు తిని వందలమందికి జబ్బు చేసి, పిల్లలు చనిపోయాక వచ్చిన బుద్ధి అది. రోగి విరేచనంలో దొరికిన క్రిమికి, మన వేలిముద్రలాగా, జన్యుముద్ర తీస్తారు. న్యూజెర్సీలో దొరికిన ముద్రా డెలవేర్‌లో దొరికిన ముద్రా ఒకటే అయితే ఇద్దరూ ఒకే కుండలోది తిన్నారన్నమాట. అయితే ముద్ర తీయాలంటే ముందు క్రిమి చేతికి రావాలి. కడుపునొప్పి అని వచ్చిన మనిషికి డాక్టరుగారు విరేచనం పరీక్ష రాస్తేనే ఈ గొలుసు కదులుతుంది. మన సంఘాల్లో డాక్టర్లకి కొదవలేదు, అందుకని వాళ్ళకే ఈ మాట. ఈమధ్య గంటల్లో ఫలితం చెప్పే పరీక్షలు వచ్చాయి. అవి జబ్బు పేరు చెబుతాయి గాని క్రిమిని పెంచి చేతికివ్వవు. విడిగా కల్చరు చేయిస్తే తప్ప ముద్ర తీయడం కష్టం. వెనకటి పద్ధతి నెమ్మదైనా సాక్ష్యం మిగిల్చేది.

2008 వేసవిలో జరిగిందైతే మన వంటింటికి ఇంకా దగ్గర. సాల్మొనెల్లా అనే క్రిమి దేశమంతటా 1,400 మందికి పైగా పాకింది. జూన్‌లో టమాటాలు తినొద్దన్నారు. సాంబారులోకి టమాటా లేక మనవాళ్ళు పడ్డ అవస్థ గుర్తుండే ఉంటుంది. టమాటా రైతులు కోట్ల డాలర్లు నష్టపోయారు. చివరికి తేలిందేమంటే దోషి మెక్సికోనుంచి వచ్చిన హాలపీన్యో, సెరానో మిరపకాయలు. సెరానో అంటే మనం పచ్చిమిరపకాయ దొరకనప్పుడు పోపులో వేసుకునేదే. మిరపకాయని ఎవరూ ‘తిన్నాం’ అని చెప్పరు, అది నంజుడులో, పచ్చడిలో కలిసిపోయి ఉంటుంది. అడిగేవాళ్ళకి ఆ తిండి అలవాటు తెలియకపోతే సరైన ప్రశ్న తట్టదు. తెలుగువాళ్ళింట్లో పచ్చడి నూరేటప్పుడు పచ్చిమిరపకాయ వేయిస్తారో వేయించరో హెల్త్ డిపార్ట్‌మెంటుకి మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు?

ఇంతమంది ఉన్నారు కదా, అంతా సవ్యంగా జరుగుతుందనుకోకండి. ఈ దేశంలో తిండిమీద పెత్తనం ముక్కలుముక్కలుగా ఉంది. 1906 జూన్ 30న ఒకే రోజున రెండు చట్టాల మీద సంతకం అయింది, మాంసానికి ఒకటి, మిగతా తిండికి ఒకటి. 1940లో రెండో చట్టం చూసే ఆఫీసు వ్యవసాయశాఖలోంచి బయటికి వెళ్ళిపోయింది. దాని పర్యవసానం ఏమిటంటే, చీజ్ పిజ్జా పెట్టెని ఎఫ్.డి.ఎ. చూస్తుంది, దానిమీద పెపరోనీ ముక్కలు పడితే వ్యవసాయశాఖ చూస్తుంది. జబ్బు చేశాక చూసేది సి.డి.సి. వీటన్నిటి కింద రాష్ట్రం, రాష్ట్రం కింద ఊరి హెల్త్ డిపార్ట్‌మెంటు. ఈ ముక్కల్ని అతికించడానికే 2006లో అన్ని శాఖలవాళ్ళతో సిఫార్ అనే మండలి ఏర్పడి, 2009లో ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోను చేయాలో వివరంగా రాసిన పుస్తకం వేసింది. వింటే నవ్వొస్తుంది గాని, అందులో సగం ఫోను నంబర్ల సంగతే. అతికించినవి మళ్ళీ ఊడిపోతాయి కూడా. పది ప్రాంతాల్లో ఎనిమిది క్రిముల మీద నిఘా వేసే ఫుడ్‌నెట్ అనే ఏర్పాటు, 2025 జూలై నుంచి తప్పనిసరిగా రెండిటికే కుదించుకుంది. న్యూజెర్సీ ఆ పదిలో ముందునుంచీ లేదు.

మన దేశంలో సంగతి? 2020 డిసెంబరు మొదటివారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో, వాంతులతో పడిపోవడం మీకు తెలిసిందే. కొద్ది రోజుల్లో ఆస్పత్రికి వచ్చినవాళ్ళు 500 దాటారు. ఆ వారం జెర్సీ సిటీలో మా బిల్డింగులో ఉన్న పశ్చిమగోదావరి వాళ్ళెవరూ నిద్రపోలేదు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐ.ఐ.సి.టి., సి.సి.ఎం.బి., ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరూ పరిగెత్తారు. నీళ్ళు, పాలు, కూరగాయలు, నెత్తురు అన్నీ తీసుకెళ్ళారు. ఎయిమ్స్ వాళ్ళు నెత్తురులో సీసం, నికెల్ కనిపించాయన్నారు. పోషకాహార సంస్థవాళ్ళు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు. అంతమంది కదలడం మెచ్చుకోవలసిందే. కాని ఒక్కో లాబరేటరీ మాట ఒక్కో రోజు టీవీలో రావడంతో, ఏలూరు బజారులో కూరగాయలు కొనాలో మానాలో తెలియక జనం తికమకపడ్డారు. అందరి లెక్కలూ ఒక బల్లమీద పెట్టి ఒక నోటితో చెప్పడం అనేది ప్రమాదం వచ్చాక నేర్చుకునే విద్య కాదు.

ఇక మన వంటశాల. పేర్లు, ఊళ్ళు వద్దు. పదిహేనేళ్ళ కిందట ఒక ఉగాది పండగకి నేను వెళ్ళాను. నాలుగైదు వందలమంది. సాయంత్రం భోజనాలు. మర్నాడు పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు, జ్వరం లేదు. నలభై ఇళ్ళ దాకా. హెల్త్ డిపార్ట్‌మెంటుకి చెబుదామని నేనూ, ఇంకొక మిత్రుడూ అన్నాం. ‘హాలు మళ్ళీ ఇవ్వరండీ, పేపర్లో పడితే తెలుగువాళ్ళ పరువు పోతుంది’ అని పెద్దలు వద్దన్నారు. న్యూజెర్సీలో ఇలాంటిది అనుమానం వస్తే వెంటనే చెప్పాలని డాక్టర్లకీ సంస్థలకీ నియమం ఉంది. ఆ రోజు ఎవరూ చెప్పలేదు. ఎవరూ లెక్క రాయలేదు. మిగిలిన తిండి అప్పటికే పారబోశారు.

లెక్క లేనప్పుడు ఏమవుతుంది? పుకారు లెక్క కడుతుంది. వారం తిరక్కుండా, ఇంటినుంచి పెరుగువడలు చేసి తెచ్చిన ఒక కుటుంబం మీద నింద పడింది. ‘పెరుగు పులిసిపోయిందిట’ అన్నారు. ఆ వడలు తినని పిల్లలకి కూడా నొప్పి వచ్చిందని ఎవరూ గమనించలేదు. నాకు తెలిసినంతలో, తిన్న ఎనిమిది నుంచి పదహారు గంటలకి జ్వరం లేకుండా నొప్పి, విరేచనాలు రావడం పెర్‌ఫ్రింజెన్స్ అనే క్రిమి లక్షణం. అది పెరుగులో కాదు, ముందురోజు వండి పెద్ద గుండిగలో అలాగే వదిలేసిన మాంసంలో, చిక్కటి పులుసుల్లో పెరుగుతుంది. నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం మళ్ళీ సంఘం గడప తొక్కలేదు. లైకమింగ్‌లో ఎవరూ అడక్కుండా ఉండి ఉంటే, అక్కడా ఎవరో ఒక అమాయకురాలి కూరమీదే నింద నిలిచిపోయేది.

ఈ క్రిమి సంగతి కాస్త చెప్పాలి, మన వంటలకి దానికి చుట్టరికం ఎక్కువ. మరిగించినా దాని బీజాలు చావవు. మరిగిన కూర నెమ్మదిగా చల్లారేటప్పుడు, గోరువెచ్చగా ఉన్నంతసేపూ, అవి మొలకెత్తి పిల్లలు పెడతాయి. న్యూజెర్సీ నియమం ప్రకారం వండినదాన్ని 135 డిగ్రీల ఫారన్‌హీటు నుంచి 70కి రెండు గంటల్లో, అక్కడినుంచి 41కి మరో నాలుగు గంటల్లో దించాలి. యాభై మందికి సరిపడే మటన్ గుండిగ మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోస్తే మధ్యభాగం తెల్లారేదాకా చల్లారదు. వెడల్పాటి పళ్ళేల్లో రెండంగుళాల మందాన పరచాలి, ఐసులో పెట్టాలి. అన్నానికి ఇంకొక క్రిమి ఉంది, బాసిలస్ సీరియస్. 1971లో లండన్‌లో చైనా హోటళ్ళ వేపుడన్నం వల్ల దాని గుట్టు తెలిసింది. వండిన అన్నం గంటల తరబడి వెచ్చగా వదిలేస్తే అది విషం కక్కుతుంది, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. పులిహోరకి చింతపండు పులుపు కొంత కాపలా. ఉత్త అన్నానికి ఆ కాపలా లేదు.

మా తాతగారి కాలంలో పెళ్ళిళ్ళలో ఫ్రిజ్ లేదు, థర్మామీటరు లేదు, అయినా ఫరవాలేకపోయింది అంటారు చాలామంది. నిజమే గాని ఆ రోజుల్లో నిల్వ కూడా లేదు. గాడిపొయ్యి మీదనుంచి దిగిన గుండిగ తిన్నగా బంతిలోకి వచ్చేది. మొదటి బంతి లేస్తుండగా రెండో వాయి వార్చేవారు. మిగిలింది చీకటి పడకముందే పంచేసేవారు. మనం ఇక్కడ శుక్రవారం రాత్రి గరాజుల్లో వండి, శనివారం మధ్యాహ్నం వ్యానుల్లో తెచ్చి, రాత్రి తొమ్మిదికి సభ ముగిశాక వడ్డిస్తున్నాం. తాతగారి వంట పట్టుకొచ్చాం గాని తాతగారి గడియారం పట్టుకురాలేదు.

ఆ ఉగాది తర్వాత రెండేళ్ళకి మా భోజనాల కమిటీలో కొందరం పట్టుబట్టి పద్ధతి మార్చాం. పండగకి నెలముందే ఊరి హెల్త్ డిపార్ట్‌మెంటుకి వెళ్ళి, తాత్కాలిక లైసెన్సుకి దరఖాస్తు పెట్టడంతో సరిపెట్టకుండా, ఇన్‌స్పెక్టరుగారిని కూర్చోబెట్టి వంటకాల జాబితా ఒక్కొక్కటీ వివరించాం. ఆవిడ మమ్మల్ని చూసి కాస్త ఆశ్చర్యపోయింది. ‘మామూలుగా నేను వస్తుంటే గిన్నెలు దాచేస్తారు’ అంది. మా వంటకి పెద్దదిక్కయిన అక్కయ్యగారు వెంటనే, ‘దాచడానికి మా గిన్నెలు ఎక్కడ పడతాయమ్మా’ అని తెలుగులోనే అనేసింది. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాక ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుతో సగం పని అయిపోయింది.

ఇప్పుడు మా దగ్గర ప్రతి వంటకానికీ ఒక వరుస ఉంటుంది. ఎవరు వండారు, ఎక్కడ వండారు, ఎన్నింటికి దించారు, హాలుకి వచ్చేసరికి ఎన్ని డిగ్రీలు. ఇంట్లో వండినవి మానేశాం, లైసెన్సున్న వంటశాలలోనే వండుతున్నాం. ఇంటివంట మానడం అక్కయ్యగారికి ఇప్పటికీ కష్టంగానే ఉంది, నాకూ ఉంది. ప్రతి వంటకంలో ఒక గరిటెడు చిన్న డబ్బాలో పోసి, పేరు రాసి, మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచుతున్నాం. జబ్బు పడ్డవాళ్ళకి కప్పు చేతులమీద వడ్డన ఇవ్వం. కడుపు బాగులేని వలంటీరు సభలో కుర్చీలు సర్దవచ్చు. వంటశాల తలుపుమీద హెల్త్ డిపార్ట్‌మెంటు నంబరు, మా సంఘం డాక్టర్లు ఇద్దరి నంబర్లు పెద్దక్షరాలతో అంటించి ఉంటాయి.

మొదటి ఏడాది ఆ జాబితాలో ఆవకాయ దగ్గర ఆగిపోయాం. వేడివాటి గడిలో రాయాలా, చల్లవాటి గడిలో రాయాలా? వండరు, ఫ్రిజ్‌లో పెట్టరు, బల్లమీద జాడీలో ఉంటుంది, ఏడాది ఉంటుంది. ఇన్‌స్పెక్టరుగారు పులుపు కొలత అడిగారు. నేను ఒక చెంచాడు లాబరేటరీకి తీసుకెళ్ళి పీహెచ్ మీటరులో పెట్టి చూస్తే 3.6 వచ్చింది. ఆవిడ ఆ అంకె వేసి, కొత్త గడి ఒకటి చేత్తో గీసి, ‘గది వేడిమి, అనుమతి ఉంది’ అని రాసి సంతకం పెట్టారు. ఆ గడి మా కాగితాల్లో ఇప్పటికీ అలాగే అచ్చవుతోంది.